మూడు పాచికలు, ఒక పాత రిజిస్టరు: నాలుగేళ్ల ‘రిస్క్’ ఆట తర్వాత

తిరుపతి రైల్వే స్టేషను నుంచి నడిచి వచ్చేంత దూరంలో ఉన్న ఒక లాడ్జిలో నేను రాత్రి డ్యూటీ గుమాస్తాను. రాత్రి తొమ్మిదికి కౌంటరు వెనుక కూర్చుంటే ఉదయం ఆరింటికి లేస్తాను. పదకొండు దాటేసరికి బండి దిగిన యాత్రికులు గదులు తీసుకుని, వేడినీళ్లు ఎన్నింటికి వస్తాయో అడిగి, నిద్రపోతున్న పిల్లలను భుజాన వేసుకుని మెట్లెక్కుతారు. మళ్లీ రెండు దాటాక సర్వదర్శనం టోకెన్ల కోసం శ్రీనివాసానికో విష్ణు నివాసానికో బయలుదేరేవాళ్లు తాళాలు అప్పగించడానికి కిందికి దిగుతారు. ఈ మధ్యలో దొరికే రెండు మూడు గంటలే నావి. నాలుగేళ్లుగా ఆ గంటల్లో నేను ఆడుతున్నది ‘రిస్క్: గ్లోబల్ డామినేషన్’ అనే ఫోను ఆట.

ఇప్పుడు ఈ సమీక్ష రాయడానికి కారణం మా అక్క కొడుకు. ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. వాడికి ఈ ఆట నేర్పింది నేనే. సంక్రాంతి సెలవులకు వచ్చి, వరుసగా నాలుగు ఆటలు ఓడి, “ఇందులో తెలివితో పనేమీ లేదు మామయ్యా, అంతా పాచికల చలవే” అని ఫోనులోంచి ఆటను తీసేశాడు. ఓడినవాళ్లందరూ అనే మాటే అది. గెలిచినవాళ్లు అనే మాట ఇంకొకటి ఉంది: “అంతా లెక్క, అదృష్టం అనేది చేతకానివాళ్ల సాకు” అని. నాలుగేళ్లు ఆడాక ఈ రెండు మాటలూ తప్పని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఎందుకు తప్పో చెప్పకుండా ఈ ఆట బాగుందనో బాగోలేదనో చెప్పడం కుదరదు.

తెలియనివాళ్ల కోసం ముందు ఆట సంగతి. ఫ్రాన్స్‌కు చెందిన సినీ దర్శకుడు ఆల్బర్ట్ లామొరిస్ తయారుచేసిన బల్ల మీది ఆట ఇది. 1957లో ‘ప్రపంచ జైత్రయాత్ర’ అనే అర్థం వచ్చే ఫ్రెంచి పేరుతో వచ్చింది. దాని ఫోను రూపాన్ని ఆస్ట్రేలియాకు చెందిన ఎస్‌ఎంజీ స్టూడియో చేసింది. ప్రపంచ పటం 42 భూభాగాలుగా, ఆరు ఖండాలుగా ఉంటుంది. ఇద్దరి నుంచి ఆరుగురి వరకు ఆడవచ్చు. మన వంతు రాగానే, మన చేతిలో ఉన్న భూభాగాల సంఖ్యను మూడుతో భాగిస్తే వచ్చినన్ని కొత్త దళాలు వస్తాయి, ఎంత తక్కువైనా మూడు ఇస్తారు. ఒక ఖండం మొత్తం మన చేతిలో ఉంటే పైన అదనం: ఆసియాకు 7, ఐరోపాకు 5, ఉత్తర అమెరికాకు 5, ఆఫ్రికాకు 3, దక్షిణ అమెరికాకు 2, ఆస్ట్రేలియాకు 2. దాడి చేసేవారికి మూడు పాచికల వరకు, కాపాడుకునేవారికి రెండు పాచికల వరకు. పెద్ద పాచికతో పెద్ద పాచికను, రెండో దానితో రెండో దానిని పోలుస్తారు. సమానం వస్తే కాపాడుకునేవారిదే గెలుపు. కనీసం ఒక భూభాగం గెలిచిన వంతు చివర ఒక కార్డు వస్తుంది. తగిన మూడు కార్డులు కలిస్తే వాటిని మార్చి దళాలు తెచ్చుకోవచ్చు.

ఇంతే. పది నిమిషాల్లో నేర్చుకోవచ్చు. నాకు నిజంగా అర్థం కావడానికి మాత్రం రెండేళ్లు పట్టింది.

రెండేళ్ల కిందట ఒక రాత్రి జరిగిన ఆట చెబుతాను. అది నాకు ఇప్పటికీ కంఠోపాఠం. ఆరుగురం మొదలుపెట్టాం, అప్పటికి నలుగురం మిగిలాం. ఆస్ట్రేలియా ఖండం పూర్తిగా నాది. ఆ ఖండానికి ఒకటే వాకిలి, ఇండోనేషియా నుంచి సయాంకు. ఆ వాకిట్లో నా దళాలు 14. ఎదురుగా సయాంలో ఎరుపు రంగు ఆటగాడివి 3. ఆ వెనుక నీలం రంగు మనిషి చావుకు సిద్ధంగా ఉన్నాడు: ఇండియాలో 2, మధ్యప్రాచ్యంలో 3, తూర్పు ఆఫ్రికాలో 1. వాడి చేతిలో నాలుగు కార్డులు. ఎవరినైనా పూర్తిగా తుడిచిపెడితే వాళ్ల కార్డులన్నీ మనవే. నా దగ్గర మూడు కార్డులు ఉన్నాయి కానీ అవి కలవలేదు. నీలాన్ని పడగొడితే మొత్తం ఏడు కార్డులు, అంటే కనీసం ఒక సెట్టు ఖాయం. దారిలో ఉన్న శత్రు దళాలు మొత్తం తొమ్మిది, నావి పద్నాలుగు. ఇంకేం కావాలి అనుకుని దిగాను.

సయాం మీద మొదటి విసురు: నా రెండు పోయాయి. రెండో విసురు: మళ్లీ రెండు. మూడో విసురు: మళ్లీ రెండు. ఎదుటి మూడింటిలో ఒక్కటి కూడా కదల్లేదు. 14 కాస్తా 8 అయింది. నా ముఖం వేడెక్కిపోయింది. అప్పుడు ఆగి ఉంటే వాకిట్లో 8 దళాలతో నా ఖండం భద్రంగా ఉండేది. ఆగలేదు. మరో రెండు పోగొట్టుకుని సయాం పట్టాను. ఇండోనేషియాలో ఒకటి వదిలి ఐదుతో ముందుకు వెళ్లాను. ఒకటి పోగొట్టుకుని ఇండియా పట్టాను. సయాంలో ఒకటి వదలగా ఇండియాకు మూడే చేరాయి. ఆ మూడింటిలో ఒకటి కదలకూడదు కాబట్టి రెండు పాచికలతోనే మధ్యప్రాచ్యం మీదికి దిగాను. రెండూ పోయాయి. నా వంతు ముగిసేసరికి ఇండోనేషియాలో ఒకటి, సయాంలో ఒకటి, ఇండియాలో ఒకటి. వాకిలి బార్లా తెరిచి ఉంది. ఎరుపు ఆటగాడు తన వంతులో మిగిలిన నీలాన్ని తుడిచి, ఆ కార్డులతో వచ్చిన దళాలను తీసుకుని నా ఆస్ట్రేలియాలోకి నడుచుకుంటూ వచ్చాడు.

ఆ రాత్రంతా నేను పాచికలనే తిట్టుకున్నాను. మూడు విసుర్లలో ఆరు పోవడం! కంప్యూటరు పాచికల్లో మోసం ఉందని కూడా అనుకున్నాను. తెల్లవారుజామున తాళాలు తీసుకుంటూ, రూము నంబర్లు కొట్టేస్తూ ఉంటే ఒక ఆలోచన వచ్చింది. మా కౌంటరు కింద, సగం పేజీలు ఖాళీగా మిగిలిన పాత రాక పోకల రిజిస్టరు ఒకటి ఉంది. అందులో లెక్క రాద్దామని నిర్ణయించుకున్నాను.

ముందు పుస్తకంలో ఉన్న లెక్క. మూడు పాచికలకు ఎదురుగా రెండు పడితే మొత్తం 7,776 రకాలుగా పడవచ్చు. వాటిలో 2,890 సార్లు కాపాడుకునేవారివి రెండు పోతాయి, 2,611 సార్లు చెరి ఒకటి, 2,275 సార్లు దాడి చేసినవారివి రెండు. అంటే నూటికి దాదాపు 37, 34, 29. సమానం వస్తే కాపాడుకునేవారిదే గెలుపైనా, మూడో పాచిక ఉండటం వల్ల మొగ్గు దాడి వైపే. అయితే నావి రెండు పోయే ఆ 29 శాతం, వరుసగా మూడుసార్లు రావడం ఎంత అరుదు? గుణిస్తే నలభైకి ఒకసారి. నలభైకి ఒకసారి అంటే వినడానికి అరుదే. కానీ ఒక ఆటలో నేను ఇలాంటి విసుర్లు ఎన్ని వేస్తాను? నా వంతులోనూ, నా మీద దాడి జరిగినప్పుడూ కలిపి వందకు తగ్గవు. అన్ని విసుర్ల మధ్య ఇలాంటి వరస తగలకపోతేనే ఆశ్చర్యం. మనకు అనుకూలంగా పడ్డ వరసలను మన ప్రతిభ అనుకుని మరచిపోతాం. ఎదురుగా పడ్డ వరసను మాత్రం పేరు పెట్టి గుర్తుంచుకుంటాం.

తర్వాత సొంత లెక్క. ఈ ఆటలో పాచికలకు రెండు పద్ధతులు ఉన్నాయి. ‘ట్రూ ర్యాండమ్’లో పాచిక ఎలా పడితే అలాగే ఫలితం. ‘బ్యాలెన్స్‌డ్ బ్లిట్జ్’లో ఒకేసారి చివరిదాకా దాడి చేసినప్పుడు మరీ విపరీతమైన ఫలితాలు రాకుండా సరిచేస్తారు. నేను ట్రూ ర్యాండమ్ ఎంచుకుని, ఒక్కో విసురునూ విడిగా వేస్తూ, మూడుకు రెండు పడిన 200 విసుర్లను రిజిస్టరులో రాశాను. గీతలు గీసి, ఐదో గీత అడ్డంగా. పదకొండు రాత్రులు పట్టింది. మొత్తం 400 దళాలు పోతే అందులో కాపాడుకునేవారివి 211, దాడి చేసినవారివి 189. లెక్క ప్రకారం రావలసింది సుమారు 216, 184. తర్వాత ఒక ఆదివారం అక్క కొడుకును కూర్చోబెట్టి, మేడ మీద చాప వేసుకుని, అంగట్లో కొన్న ఐదు పాచికలతో మరో 200 విసుర్లు వేయించాను. 219, 181. ఫోను పాచికలకూ చేతి పాచికలకూ నాకు తేడా కనబడలేదు. ఆ పేజీ చూపించినప్పుడే వాడు కొంచెం మెత్తబడ్డాడు.

పాచికల మీద అనుమానం తీరాక, ఆ రాత్రి ఆటను మళ్లీ మొదటి నుంచి రాసుకున్నాను. అప్పుడు తప్పు కనబడింది. శత్రు దళాలు తొమ్మిది, నావి పద్నాలుగు అనుకున్నాను కదా. గెలిచిన ప్రతి చోటా ఒకటి వదలాలి. ఇండోనేషియా, సయాం, ఇండియా, మధ్యప్రాచ్యం, చివరికి తూర్పు ఆఫ్రికాలో నిలిచేది ఒకటి: ఐదు అక్కడే పోయాయి. మిగిలిన తొమ్మిదితో తొమ్మిదిని పడగొట్టాలి. పైగా దళాలు తగ్గేకొద్దీ మూడు పాచికలు రెండవుతాయి. రెండుకు రెండు పడితే మొగ్గు అటు వైపు తిరుగుతుంది. ఆ చివరి విసురులో నావి రెండూ పోవడానికి నూటికి 45 వంతుల అవకాశం ఉంది. దాన్ని దురదృష్టం అనడానికి నోరు రాదు. నాణెం బొరుసు పడితే ఆశ్చర్యపోయేవాళ్లు ఉంటారా? పాచిక చేతిలోకి తీసుకోకముందే, ఖాయం కాని అవకాశం మీద నా ఖండం మొత్తాన్ని పెట్టాను. ఒక్క వంతు ఆగి ఉంటే ఇంకొక ఐదు దళాలు వచ్చేవి, సయాంలో ఒక్క పోరాటం గెలిస్తే నాలుగో కార్డూ వచ్చేది. సయాంలో మూడే దళాలతో ఉన్న ఎరుపు ఆటగాడు ఆ వంతులో నీలాన్ని చంపగల స్థితిలో లేడు. నేను అటు గండి కొట్టాకే వాడికి దారి ఏర్పడింది.

ఈ ఆటలో తెలివి అంటే ఏమిటో నాకు అక్కడ తెలిసింది. పాచికను బాగా వేయడం అనేది లేదు. ఎన్నిసార్లు పాచిక మీద ఆధారపడాలో, ఓడినా తట్టుకునేలా ఏది వెనుక ఉంచుకోవాలో నిర్ణయించుకోవడం మన చేతిలో ఉంది. మా లాడ్జిలో 22 గదులు ఉంటే, రద్దీ రోజుల్లో కూడా అర్ధరాత్రి దాటేదాకా రెండు తాళాలు నేను ఇవ్వను. ఏ బండి ఆలస్యం అవుతుందో నాకు తెలియదు. చంటిబిడ్డతో ఒక కుటుంబం రాత్రి ఒంటిగంటకు వస్తుందని మాత్రం తెలుసు.

ఇలాంటి చిన్న విషయాలు ఈ ఆటలో చాలా ఉన్నాయి. 11 భూభాగాలు ఉంటే వచ్చేది 3 దళాలే, మూడు ఉన్నా అంతే. 12 అయితే 4. అందుకే తొమ్మిదో భూభాగం కోసం దళాలు పోగొట్టుకోవడం దండగ, పన్నెండోది కోసం మాత్రం ఒకటి రెండు పోయినా పరవాలేదు. ఆస్ట్రేలియాకు ఒకటే వాకిలి, దక్షిణ అమెరికాకు రెండు. రెండింటికీ వచ్చే అదనం 2 దళాలే. కానీ దక్షిణ అమెరికా నుంచి ఆఫ్రికాలోకి, ఉత్తర అమెరికాలోకి దారులు ఉన్నాయి. ఆస్ట్రేలియాలో కూర్చున్నవాడు ఆసియాలోకి తప్ప ఎటూ వెళ్లలేడు. చంద్రగిరి కోటను చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. వెనుక కొండ కాపు కాస్తుంటే ఎదురుగా మాత్రమే చూసుకుంటే చాలు. కానీ ఆ కొండ వెనక్కి వెళ్లే దారిని కూడా మూసేస్తుంది. ఇంకొకటి: చిన్న సైన్యాలు సమానంగా ఉంటే ఆగడం మేలు, పెద్ద సైన్యాలు సమానంగా ఉంటే దాడి మేలు. కదలకూడని ఆ ఒక్కటీ కాకుండా ఐదుకు ఐదు అయితే గెలిచే అవకాశం దాదాపు సగం, పదికి పది అయితే నూటికి 57 దాకా వెళుతుంది. మూడు పాచికల మొగ్గు ఎంత ఎక్కువసేపు పనిచేస్తే అంత లాభం. ఇవన్నీ తెలిసినవాడికీ తెలియనివాడికీ ఒకే పాచికలు పడతాయి, కానీ వాళ్లు ఆడేది ఒకే ఆట కాదు.

ఒక రాత్రి మూడు గంటల బండి కోసం వరండాలో కూర్చున్న విజయనగరం మాస్టారు ఒకరు, రిటైరైన ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులు, నా ఫోనులోకి తొంగి చూశారు. ఆట వివరించాను. ఆయన చాలాసేపు విని, “మా చిన్నప్పుడు గుడి మండపం బండల మీద పులిజూదం గీసి ఉండేది నాయనా. మూడు పులులు, పదిహేను మేకలు. అందులో పాచిక ఉండదు. ఓడితే తిట్టడానికి నేను తప్ప ఎవరూ ఉండేవారు కాదు” అన్నారు.

“అయితే పాచిక లేని ఆటే గొప్పదంటారా మాస్టారూ?” అని అడిగాను.

“అలా అనలేదు. మా నాన్నగారితో పులిజూదం ఆడి నేను పదేళ్లు ఓడాను. అష్టాచెమ్మాలో మాత్రం మొదటి రోజే గెలిచాను. గవ్వలు లేకపోతే ఆయనతో ఆడటం ఎప్పుడో మానేసేవాణ్ణి.”

ఆ తర్వాత ఆయన నలుడి కథ గుర్తుచేశారు. పుష్కరుడి చేతిలో పాచికలాడి రాజ్యం పోగొట్టుకున్న నలుడు, ఋతుపర్ణుడి దగ్గర సారథిగా ఉన్నప్పుడు ఒక తానిచెట్టు దగ్గర రథం ఆగుతుంది. చెట్టు మీద ఎన్ని ఆకులు, ఎన్ని కాయలు ఉన్నాయో ఋతుపర్ణుడు చూపుతోనే లెక్క చెబుతాడు. నలుడు దిగి లెక్కపెట్టి చూస్తే సరిపోతుంది. తన అశ్వవిద్య ఇచ్చి, ఆయన దగ్గర అక్షహృదయం అనే పాచికల విద్య నేర్చుకుంటాడు. వెళ్లి మళ్లీ ఆడి రాజ్యం గెలుచుకుంటాడు. తానికాయలనే పూర్వం పాచికలుగా వాడేవారని మాస్టారు చెబితే నాకు ఒళ్లు పులకరించింది. పాచికల రహస్యం నేర్పే ఆ కథలో నలుడి ముందున్నది ఒక చెట్టు, చేయవలసిన పని లెక్కపెట్టడం! వెయ్యేళ్ల కిందటే అరణ్యపర్వంలో తెలుగులోకి వచ్చిన కథ మన దగ్గర ఉండగా, తెలివా అదృష్టమా అని ఇప్పుడు కొత్తగా తగవులాడుకుంటున్నాం. మాస్టారి బండి ఆ రోజు నలభై నిమిషాలు ఆలస్యం. నాకు మాత్రం ఆ ఆలస్యం మేలే చేసింది.

పాచికల గురించి ఇంత రాశాను కానీ, నా అనుభవంలో ఓటములకు అతి పెద్ద కారణం అవి కావు. మనుషులు. ఈ ఆటలో ఎదుటివారితో మాట రాసి మాట్లాడటం ఉండదు, కొన్ని బొమ్మలు మాత్రమే పంపవచ్చు. సరిహద్దులో దళాలు తగ్గించడం, ఒక చోటును ఖాళీగా వదలడం, నవ్వు బొమ్మ పంపడం, ఇవే మన భాష. ‘నీ మీదికి రాను, నా మీదికి రాకు’ అని చెప్పడానికి అంతకంటే అక్కర్లేదు. ఏ దేశంవాడో, ఏ వయసువాడో తెలియని మనిషితో అలా పది వంతులపాటు మాట తప్పకుండా సరిహద్దు నిలబెట్టుకున్న ఆటలు నాకు గెలిచిన ఆటల కంటే ఇష్టం. కానీ ఆరుగురిలో ఒకడు కోపంతో, గెలవాలని కాక నన్ను ఓడించాలని మీదపడితే, నేను ఎంత బాగా ఆడినా ఇద్దరం మునుగుతాం, మూడోవాడు గెలుస్తాడు. అది పాచికా కాదు, నా పొరపాటూ కాదు. 1959లో అలన్ కాల్హామర్ ‘డిప్లమసీ’ అనే ఆటను పాచికలే లేకుండా విడుదల చేశాడు. ఏడు రాజ్యాలు, 34 కేంద్రాలు, 18 పట్టినవారిది గెలుపు. అందులో యుద్ధం ఫలితాన్ని నిర్ణయించేది ఎవరు ఎవరికి తోడు వచ్చారన్నదే. పాచికలు తీసేస్తే అదృష్టం పోతుందనుకునేవాళ్లు ఒక్కసారి దాన్ని ఆడి చూడాలి. నమ్మినవాడు చివరి వంతులో తోడు రాకపోతే, ఆ దెబ్బ పాచిక దెబ్బకంటే పెద్దది. పైగా దాన్ని ఏ రిజిస్టరులోనూ లెక్క కట్టలేం.

అయినా మనుషులను చదవడం కూడా కొంత నేర్చుకోవచ్చు. బలవంతుడిలా కనబడితే అందరూ మీద పడతారు. రెండో స్థానంలో ఉండటం ఈ ఆటలో సుఖం. కార్డుల సెట్ల విలువ పెరుగుతూ పోయే పద్ధతిలో, అంటే 4, 6, 8, 10, 12, 15, 20 అంటూ పెరిగేటప్పుడు, మొదట్లో భూమి పెద్దగా అక్కర్లేదు. చివర్లో ఎవరి కార్డులు ఎవరు ఎప్పుడు తీసుకుంటారన్నదే ఆట. ఎవరి చేతిలో ఎన్ని కార్డులున్నాయో తెరమీద కనబడుతూనే ఉంటుంది, చాలామంది చూడరు. విలువ మారని పద్ధతిలో ఖండాలకు, ఓపికకు విలువ ఎక్కువ. నాకు రెండోదే నచ్చుతుంది. మా అక్క కొడుక్కి మొదటిది.

నా చిట్టా కూడా చెబుతాను. గత ఏడాదిన్నరలో ఆరుగురు ఆడిన 240 ఆటల ఫలితాలు అదే రిజిస్టరులో ఉన్నాయి. అదృష్టమే అంతా అయితే ఆరో వంతు, అంటే 40 దగ్గర గెలవాలి. 71 గెలిచాను. తెలివే అంతా అయితే, నాకన్నా తక్కువ స్థాయివాళ్లతో ఆడిన ఆటలన్నీ గెలవాలి. వాటిలో సగం కూడా గెలవలేదు. ఈ రెండు అంకెల మధ్య ఉన్న చోటే నాకు ఈ ఆట నచ్చిన చోటు. ఈ ఆటలో నోవిస్ నుంచి గ్రాండ్‌మాస్టర్ వరకు స్థాయిలు ఉన్నాయి. పై స్థాయివాళ్లతో ఒక్క ఆట ఆడితే వాళ్ల గొప్ప తెలియదు. పది ఆడితే తెలుస్తుంది. మూడో ఆటకల్లా వాళ్లు ఎక్కడ దాడి చేయలేదో గమనించడం నేర్చుకుంటాం.

మా లాడ్జి యజమాని ఒకసారి తెరమీద పాచికలు దొర్లడం చూసి, “కౌంటరులో కూర్చుని జూదమా?” అని గట్టిగానే అడిగారు. ఆయన భయం న్యాయమైనదే. ఫోను ఆటల్లో డబ్బు పోగొట్టుకున్న కుటుంబాలు మన చుట్టూ ఉన్నాయి. మన రాష్ట్రం 2020లోనే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. 1967లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యం ఉన్న ఆటగా చెప్పింది. పడిన ముక్కలను గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తెలియాలి అని. డబ్బు ఆటలు నడిపేవాళ్లు చాలాకాలం ‘ఇది నైపుణ్యం’ అన్న మాటనే అడ్డుపెట్టుకున్నారు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం ఆ వాదనకు చోటు లేకుండా, నైపుణ్యమైనా అదృష్టమైనా డబ్బు పెట్టి డబ్బు ఆశించే ఆన్‌లైన్ ఆట ఏదైనా కూడదంది. నాకు ఆ గీత సరైన చోటనే గీశారనిపిస్తుంది. రిస్క్‌లో పందెం లేదు, గెలిస్తే చేతికి వచ్చే డబ్బు లేదు. కొత్త పటాలు కావాలంటే కొనుక్కోవచ్చు, అంతే. నేను యజమానికి చూపించింది మాత్రం రిజిస్టరు. ఆయన పేజీలు తిప్పి, “మన చిట్టా కూడా ఇంత శుభ్రంగా రాస్తే బాగుంటుంది” అని వెళ్లిపోయారు. అప్పటి నుంచి రాస్తున్నాను.

లోపాలు. ఒకే గదిలోకి, అంటే ఫోనులో ఒక ఆట ఆడేవాళ్లంతా చేరే చోటికి, ఇద్దరు స్నేహితులు ముందే మాట్లాడుకుని వచ్చి కలిసి ఆడితే, మిగతా నలుగురికి దిక్కు లేదు. ఇది ఈ రకం ఆటలన్నింటికీ ఉన్న చీడ, ఆడేవాళ్ల నిజాయితీ మీదే ఆధారపడి ఉంది. మొదట్లో భూభాగాలు ఎలా పంచబడ్డాయి, ఎవరి వంతు ముందు అనేవి పాచికలకంటే పెద్ద అదృష్టాలు. పాచికలు వందసార్లు పడి సర్దుకుంటాయి, పంపకం మాత్రం ఆటకు ఒక్కసారే. ఆరో వంతు వచ్చి, అప్పటికే నా మూడు చోట్లు పోయి ఉండే ఆటలు నాకు చాలానే తగిలాయి. తెర మీద పటం చిన్నదిగా ఉంటుంది కాబట్టి కళ్లజోడు వాడేవాళ్లకు పెద్ద ఫోను మేలు; ఐరోపాలో ఒకదానికి బదులు ఇంకొకటి నొక్కితే ఆట పోతుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేది: మామూలు ప్రపంచ పటం, విలువ మారని కార్డులు, ట్రూ ర్యాండమ్ పాచికలు ఎంచుకోండి. బ్యాలెన్స్‌డ్ బ్లిట్జ్ తప్పు కాదు, పెద్ద ఆటగాళ్లలో చాలామందికి అదే ఇష్టం. కానీ విపరీతాలను ముందే తీసేస్తే, వాటి కోసం వెనుక దళాలు ఉంచుకోవడం ఎందుకో ఎప్పటికీ తెలియదు. మొదటి నెల ఒక్కో విసురునూ విడిగా వేయండి, చూడండి. పొగమంచుతో పటం కప్పేసే పద్ధతిని ఆరు నెలల దాకా ముట్టుకోవద్దు.

నాలాగా మధ్యలో లేవాల్సిన పని ఉన్నవాళ్లు వంతుకు గడువు ఎక్కువ ఇచ్చే గదులే చూసుకోండి. గడువు దాటితే మన దళాలను కంప్యూటరు ఆడేస్తుంది. మొన్న శుక్రవారం ఆట మధ్యలో ఉండగా పన్నెండు మంది గుంపు ఒకటి వచ్చింది, చిత్తూరు వైపు నుంచి, కాలినడకన కొండ ఎక్కుతామని. ఆధార్ కార్డులు చూసి, పేర్లు రాసి, నాలుగు గదుల తాళాలు ఇచ్చి, అలిపిరికి ఆటోలు ఎన్నింటి నుంచి దొరుకుతాయో చెప్పి వచ్చేసరికి నా ఆస్ట్రేలియాను కంప్యూటరు కాపాడుతోంది. ఇండోనేషియాలో 11 దళాలు అలాగే ఉన్నాయి. అక్క కొడుకు ఆటను మళ్లీ ఫోనులో పెట్టుకున్నాడని అక్క చెప్పింది. వచ్చే ఆదివారం ఇద్దరం ఒకే గదిలో ఆడబోతున్నాం, ఎదురెదురుగా.